నాలుగు డిగ్రీలు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
కంప్రెసర్ కంపెనీ వాళ్ళిచ్చిన క్యాలెండరు ఒకటుంది.
ఏ సంవత్సరానిదో, తేదీలు చిరిగిపోయి బొమ్మ మిగిలింది:
ఉత్తరాన ఎక్కడో, చెట్టన్నది మొలవని నేల మీద
బూడిదరంగు నది, ఎర్ర పడవ,
ముందు కూర్చున్న మనిషి వెనక్కి తిరిగి
వెనకాయనకి ఏదో చెబుతున్నాడు.
పందొమ్మిదేళ్లుగా గంటగంటకీ రీడింగు రాస్తూ
అదేంటో విందామని చూశాను.

తేజ గదిలో నాలుగు, బ్యాడిగి గదిలో ఐదు.
చలంటే నాకు ఒక అంకె.
స్వెట్టరు తొడుక్కుని లోపలికి, విప్పేసి ఎండలోకి,
దగ్గు మాత్రం రెండు చోట్లా.

పుష్యమాసం. అమరావతి రేవు. ఇంకా తెల్లారలేదు.
గవర్నరుపేట పళ్ళ డాక్టరమ్మ, ఆవిడ ఆడబిడ్డ,
పటమట కుర్రాళ్ళిద్దరు, నేను.
దారి చూపించేది కొక్కిలిగడ్డ తిరపతమ్మ:
చీర మీద మగవాళ్ళ చొక్కా, దాని మీద నారింజ జాకెట్టు,
మెడలో పుస్తెలతాడు పక్కనే ఈల.

"తెడ్డుతో నీళ్ళని బాదొద్దు సార్,
అవి మీకేం బాకీ లేవు.
ముడతలు పడ్డచోట ఇసక. నున్నగా ఉన్నచోట లోతు.
నున్నగా ఉండి గుండ్రంగా తిరుగుతుంటే
అది మిషన్లు తవ్విన గొయ్యి.
మా నాయనకి మొదటి రెండే తెలుసు."
అంతే. నాయన గురించి మళ్ళీ ఎత్తలేదు.

వైకుంఠపురం కొండ దగ్గర నది ఉత్తరానికి తిరుగుతుంది.
ఎవరికీ చెప్పలేదు గానీ
ఆ కాస్త దూరం నేను క్యాలెండర్లోకే తెడ్డు వేశాను.
గట్టు మీద పత్తి కట్టె మంటలేసుకున్న వాళ్ళు
చెయ్యూపారు. మంచు లేదు. గేదెలున్నాయి.

మధ్యాహ్నానికి నీళ్ళు నడక మానేశాయి.
"ఇక్కణ్ణుంచి బ్యారేజీ పట్టుకుంటది ఏటిని,
ఇక పోయేది మీ రెక్కలే" అంది.
నా రెక్కలు రిజిస్టరు మోసిన రెక్కలు.

రాత్రి లంక మీద, రెల్లు మధ్య.
జెల్ల పులుసు ఎరుపు చూసి
ఇది మా యార్డు సరుకే అన్నాను, ఎవరూ నమ్మలేదు.
ఎదురుగట్టున థర్మల్ గొట్టాల ఎర్ర దీపాలు,
ఆపైన చుక్కలు, ఏది ఏదో తెలీకుండా.
పదకొండుకి మెలకువ. పన్నెండుకి. ఒంటిగంటకి.
అలవాటు. రాయడానికి బుక్కు లేదు.
రెండింటికి లేచి వెళితే
నీటి అంచున తిరపతమ్మ గొంతుక్కూర్చుని ఉంది,
ముందు ఇసకలో గుచ్చిన రెల్లుపుల్ల, దానికో దారం ముడి.

"పులిచింతల్లో వదిలితే ఇక్కడ తెలవాలిగా.
ముడి తడిస్తే మిమ్మల్ని లేపాలి."
గంటకోసారి చూస్తావా?
"నిద్ర పట్టినప్పుడల్లా మానేస్తా" అని నవ్వింది.
మాది నాలుగు డిగ్రీలని చెప్పాను.
"నాలుగేంటి సార్, ఎవరికి?"
బస్తాలకి, అన్నాను.
చాలాసేపు ఇద్దరం పుల్లనే చూశాం.

పొద్దున్నే పొగమంచులో, బోల్తా.
గొయ్యి కాదు, ఇసకా కాదు,
కొంగని చూస్తూ పక్కకి ఒరిగానంతే.
చలికి పళ్ళు బిగబట్టుకుని మునిగితే
నీళ్ళు వెచ్చగా ఉన్నాయి,
పొదిగే కోడి కింద చెయ్యి పెట్టినట్టు.
పైకొచ్చాకే వణుకు.
పళ్ళ డాక్టరమ్మ నా దవడల చప్పుడు విని
"మూడోది కదులుతోంది, ఓసారి క్లినిక్కి రండి" అంది.

భవానీ ద్వీపం దాటాక
కొండ మీద లైట్లు, హైవే మీద లారీల హారన్లు.
తిరపతమ్మ ముందు పడవలోంచి వెనక్కి తిరిగి
నాకేదో చెప్పింది.
అవతల వంతెన మీద గూడ్సు బండి,
ఎన్ని పెట్టెలో, ఎంతకీ అవదు.
ఆఁ, అని తలూపాను.

సోమవారం, రాత్రి డ్యూటీ.
రెండు గంటలు: నాలుగు.
మూడు గంటలు: నాలుగు.
రిమార్కుల గడిలో
'ముడి తడవలేదు' అని రాశాను.
మేనేజరు అడిగితే అప్పుడు చూద్దాం.